ఐదో ఎర్రసిరా

పోయిన వారం మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. టేబుల్ మీదున్న ఎర్ర పెన్ను గబుక్కున తీసి సొరుగులో పడేసి, ఆ తర్వాత "రండి" అన్నాను. వచ్చింది కరెంటు మీటరు చూసే మనిషి. అతను రీడింగు తీసుకుని వెళ్ళిపోయాక కాసేపు సొరుగు వంకే చూస్తూ కూర్చున్నాను. ఎవరి కోసం ఆ పెన్ను దాచానో, ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలైంది.

పత్రికలో నలభై ఏళ్ళు చేశాను. నర్సీపట్నం వార్తలు రాయడం, చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చినవి దిద్దడం నా పని. రిటైరైనా చెయ్యి ఊరుకోదు. శుభలేఖ చేతికొచ్చినా తప్పుల కింద గీత పెట్టందే భోజనానికి లేవను. అందుచేత ఎర్ర పెన్ను ఎప్పుడూ టేబుల్ మీదే ఉంటుంది. అది కంటబడితే ఆయన గుమ్మంలోనే ఆగిపోయేవాడు. పై అధికారి ఎదురుపడ్డట్టు మడమలు రెండూ దగ్గరకొచ్చేవి, చేతులు తొడల పక్కకి దిగిపోయేవి.

"అది లోపలెట్టీండి రిపోర్టరుగారూ. తరవాత మాటాడుకుందాం," అనేవాడు.

నేను పెన్ను దాచాకే కాలు లోపల పెట్టేవాడు. పదేళ్ళలో ఆయన లోపలున్నప్పుడు ఆ పెన్ను ఒక్కసారే బయటికొచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆయనది గొలుగొండ వైపు ఓ చిన్న ఊరు. ఆ ఊళ్ళోనూ, ఇక్కడ బస్టాండు దగ్గరా అందరూ ఆయన్ని మిలట్రీ అనే పిలిచేవారు. సైన్యంలో పూర్తికాలం చేసి పింఛను అందుకుంటున్నవాళ్ళు మా ప్రాంతంలో చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒకాయన్ని కిరాణా కొట్టాయన అంటారు, ఇంకొకాయన్ని రెండో వీధాయన అంటారు. పదకొండేళ్ళ సర్వీసుకే సైన్యం ఇంటికి పంపించేసిన ఈయనకి మాత్రం మిలట్రీ అన్న పేరు అతుక్కుపోయింది.

అతుక్కోక ఏం చేస్తుంది? బస్సు కోసం తానొక్కడే ఉన్నా స్తంభం వెనకాల క్యూలో నిలబడేవాడు. భుజం మీది తువ్వాలు ఎప్పుడు చూసినా ఎనిమిది మడతలతో ఇటికలా ఉండేది. చెమట పడితే చొక్కా చేతికి తుడుచుకునేవాడు గాని, ఆ మడత విప్పేవాడు కాదు. టైము ఇరవై నాలుగు గంటల్లో చెప్పేవాడు. "పదారు ముప్పైకి వత్తాను, ఇస్ట్రాంగుగా ఒకటెట్టు," అని పొద్దున్నే చెప్పి వెళితే, టీ కొట్టాయన వేళ్ళు మడిచి, "పదారులోంచి పన్నెండు పోతే... ఓలమ్మో, నీకు టీ పెట్టాలంటే ముందు నాను ట్యూషనుకి ఎల్లాల మిలట్రీ!" అనేవాడు.

ఆయనకి భార్య చాలాకాలం కిందటే పోయింది. ఇంట్లో ఆయనా, తల్లీ. ఆ తల్లి ఒకసారి నాతో అంది: "బిందెల్ని కూడా పొడుగు బట్టి లైనులో నిలబెడతాడు బాబూ. తెల్లారి లేచి నీళ్ళకెళ్తే అయి నాకు సెల్యూట్ కొడతాయేమోనని బయ్యం."

వీటన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది ఇంకో అలవాటు. ఏ సంగతీ తనంతట తను చెప్పేవాడు కాదు. అడిగితే చెప్పేవాడు. పూర్తిగా, ఒక్క ముక్క వదలకుండా, లేచి నిలబడి మరీ చెప్పేవాడు. అడక్కపోతే లేదు.

మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు దీనివల్ల మూడు రోజులు పట్టింది. మొదటి రోజు కుర్చీ అంచున కూర్చుని, వానల గురించి రెండు మాటలాడి, టీ తాగి వెళ్ళిపోయాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు మా ఆవిడ లోపలికి పిలిచి, "ఆయన దేనికొస్తున్నాడో అడగొచ్చు కదా! ఊరంతటినీ ప్రశ్నలడిగి బతికారు, ఇంటికొచ్చిన మనిషిని అడగలేరా?" అంది.

వెళ్ళి అడిగాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"అడిగినారు కాబట్టి సెప్తన్నానండి," అని చొక్కా లోపల్నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో సైన్యం ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం. చేతులు తగిలి తగిలి అంచులు దూదిలా మెత్తబడ్డాయి. ఎందుకు పంపించేశారో రాసే చోట ఇంగ్లీషులో ఒక మాట ఉంది. పత్రిక భాషలో చెప్పాలంటే "అవాంఛనీయుడు". ఆయన దానికి తన తెలుగు తనే చేసుకున్నాడు.

"అక్కర్లేనోడు అని రాసినారండి," అన్నాడు.

సైన్యంలో పెద్ద తప్పులకి వేసిన శిక్షలు సైనికుడి రికార్డులో ఎర్రసిరాతో రాస్తారు. అలాంటివి నాలుగైతే మనిషిని వద్దనుకోవచ్చు. ఈయనకి నాలుగున్నాయి. నాలుగూ ఒక్క తప్పుకే: సెలవు అయిపోయాక ఆలస్యంగా వెళ్ళడం. ఒకసారి ఆరు రోజులు, ఒకసారి తొమ్మిది, అలా.

"తాగి పడిపోయారా?"

"నేదండి."

"తగాదాలా?"

"నేదండి. బెల్లమండి."

నేను కాగితం మీద బెల్లం అని రాసుకుని, ఆయన మొహంలోకి చూశాను. ఆయన నవ్వడం లేదు.

వాళ్ళ ఊరికంతటికీ చెరకు గానుగ ఒక్కటే. రైతులు వంతులు వేసుకుని ఆడించుకుంటారు. సీజను మొదట్లో పెనం కింద పొయ్యి ఎవరు వెలిగిస్తారో, ఆఖరి వంతు బెల్లం దిగాక ఆ మనిషే నీళ్ళు చల్లి దాన్ని ఆర్పాలి. మధ్యలో అతను ఊరు దాటితే మిగిలినవాళ్ళ బెల్లం గట్టిపడదని నమ్మకం. నిజంగానే గట్టిపడదు. ఎందుకంటే పాకం చూడటంలో చెయ్యి తిరిగినవాడినే పొయ్యి వెలిగించమంటారు. ఈయనకి ఆ చెయ్యి తండ్రి నుంచి వచ్చింది. సైన్యంలో చేరాక మొదటి సెలవుకి యూనిఫారంతో దిగేసరికి ఊరు మురిసిపోయి, సన్నాయి పెట్టించి, ఆయన చేతే పొయ్యి వెలిగించింది. ఆ తర్వాత ప్రతి ఏడూ ఈయన సెలవు కోసమే ఊరు పొయ్యి ఆపుకుని కూర్చునేది. సెలవు తేదీ ఒకటి, ఆఖరి వంతు తేదీ ఒకటి. వాన పడితే ఆలస్యం, ఇంజను ఆగితే ఆలస్యం. ఆఖరి వంతులు ఎప్పుడూ అరెకరం, పావెకరం వాళ్ళవి.

"ఆళ్ళ సెరుకు ఎండిపోతాదండి. ఎలా వదిలీసి ఎల్తాను?"

ఇంతకీ ఊరు చేసిన సన్మానమే ఆలస్యమైన ఏడల్లా ఆయన రికార్డులో ఎర్రసిరా అవుతోందని ఊరికి తెలియదు. మిలట్రీ వాళ్ళకి పొడుగు సెలవులిస్తారు కాబోలు అనుకున్నారు. నాలుగోసారి తర్వాత ఆయన పెట్టె పట్టుకుని వచ్చేస్తే, ఇంక సీజనంతా ఇక్కడే ఉంటాడని సంబరపడ్డారట.

"మరి ఆఫీసర్లకి ఇదంతా చెప్పలేదా?"

"అడగలేదండి. తప్పు ఒప్పుకుంటావా అన్నారు. ఒప్పుకుంటాను సార్ అన్నాను. నాలుగుసార్లూ అంతే."

"మీరే చెప్పొచ్చుగా?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "అడక్కుండా సెప్తే సాకంటారండి. అడిగితే జవాబంటారు."

పింఛను కోసమా అని అడిగాను. పింఛను వద్దన్నాడు. రెండెకరాల చెరకుంది, తల్లికీ తనకీ సరిపోతుందన్నాడు. ఆ మాట మారాలి, అంతే. నేను పత్రికవాణ్ణి కదా, ఇందులో మంచి వార్త ఉంది, ముందు పేపర్లో వేద్దామా అన్నాను. కంగారుపడిపోయాడు.

"వద్దండి బాబూ. పేరేత్తే పక్కన ఏటని ఏత్తారు? ఆ మాట మారేదాకా నా పేరు ఎక్కడా పడకూడదండి."

సరేనన్నాను.

ఇరవై ఏళ్ళకి పైగా ఎవరికీ, ఆఖరికి తల్లికి కూడా చూపించని ఆ పుస్తకం బయటికెలా వచ్చిందంటే, నా దగ్గరికి రాకముందు, మాజీ సైనికుల జాబితాలో పేరు రాయించుకోమని ఎవరో చెబితే ఓ ఆఫీసుకి పట్టుకెళ్ళాడట. అక్కడి గుమాస్తా పాపం ఏ దురుద్దేశమూ లేకుండా, ఆ మాటా, సెలవు దాటిన నాలుగుసార్ల లెక్కా పైకి చదివి, "దీనికి మా దగ్గర కాలమ్ లేదండీ," అన్నాడు. వెనకాల వరసలో తన బావమరిది పని మీద వచ్చిన వాళ్ళ ఊరి రేషను డీలరు నిలబడి ఉన్నాడు. ఈయన బస్సులో ఊరు చేరేసరికి డీలరు మోటారు సైకిలు మీద ముందే చేరిపోయాడు.

ఊరికి గుండెల్లో రాయి పడింది. తమ పొయ్యి కోసం మనిషి ఉద్యోగం పోగొట్టుకున్నాడని అప్పటికి తెలిసింది. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయనా ఏమీ చెప్పలేదు. ఆ మాట మార్చమని నేను రాసిన అర్జీ సైన్యం రికార్డు ఆఫీసుకి వెళ్ళిన కొన్నాళ్ళకి, ఊరి పెద్దలు ముగ్గురు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఆయన తరఫున ధ్రువపత్రాలు రాసి రిజిస్టరు పోస్టులో పంపించారు. మాజీ సర్పంచి, రిటైరైన స్కూలు మేస్టారు, రేషను డీలరు. సెలవు దాటినందుకు గట్టి కారణం ఉండాలి కదా. బెల్లం అంటే ఎవరు ఒప్పుకుంటారు? ముగ్గురికీ ఒక్కటే ఆలోచన తట్టింది. ఆ సమయంలో ఆయన తల్లి చనిపోయిందని రాశారు. సర్పంచి మొదటి ఎర్రసిరా ఏడాది చంపాడు. మేస్టారు రెండో ఏడాది. డీలరు నాలుగో ఏడాది.

రికార్డు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అర్జీదారు తల్లి మూడు వేర్వేరు సంవత్సరాలలో మరణించినట్లు పత్రాలు అందాయని, సంజాయిషీ ఇవ్వాలని, తప్పుడు పత్రాలని తేలితే అర్జీ తోసిపుచ్చడంతోపాటు తదుపరి చర్య ఉంటుందని. ఉత్తరం పట్టుకుని ఆయన మా ఇంటికొచ్చాడు. ఆ రోజు పెన్ను దాచమని కూడా అనలేదు, వాకిట్లోనే నిలబడిపోయాడు. అక్కర్లేనివాడు అన్న మాట మార్చమని అడిగితే, అబద్ధాలకోరు అన్న మాట కూడా చేరేలా ఉంది.

మర్నాడు తల్లే వచ్చింది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే మనిషి. మాట్లాడాలంటే దాన్ని బయటికి తియ్యాలి కాబట్టి తక్కువ మాట్లాడుతుంది అనుకున్నాను. పొరపాటు.

"నువ్వేనా బాబూ అర్జీలు రాసీది?"

"నేనేనమ్మా."

"నన్ను మూడుసార్లు సంపీసినారట."

"అది నేను రాయలేదమ్మా, మీ ఊరివాళ్ళు..."

"ఎవులు రాత్తే ఏటి? సంపినోళ్ళు సంపినారు. మూడు దినాల్లో ఒక్కదానికైనా బోజనాలెట్టినారా, అడుగు ఆళ్ళని. సర్పంచి పిసినారి, ఆడు పెట్టడు. మేస్టారైనా రెండు గారెలు ఏయించొద్దా?"

మా ఆవిడ నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. ముసలామె మాత్రం నవ్వలేదు. చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకునే ముందు, "ఈడు ఉత్తరం వచ్చిన కాడ్నించీ అన్నం తినడం నేదు బాబూ. అడిగితే ఆకల్లేదంటన్నాడు. ఏదో ఒకటి సెయ్యి," అంది.

ఆయన ఊరివాళ్ళని పల్లెత్తు మాట అనలేదు. రేషను కొట్టు దగ్గర ఒక్కసారి మాత్రం, వరసలో తన వంతు వచ్చినప్పుడు, "మా అమ్మ పోయిందని రాసినావు. నెలనెలా ఆవిడ బియ్యం నాకే తూసి ఇత్తన్నావు. నీకు ఎప్పుడూ డౌటు రాలేదేటి?" అన్నాడట. డీలరు తలొంచుకుని, తూకంలో ఓ గుప్పెడు ఎక్కువే వేశాడట. ఆ గుప్పెడూ ఈయన తీసి మళ్ళీ బస్తాలో పోసి వచ్చాడు.

రికార్డు ఆఫీసు అర్జీ తిప్పికొట్టింది. ఇంక మిగిలింది సైనికుల కేసులు వినే ట్రిబ్యునల్. విశాఖపట్నంలో ఇలాంటి కేసులు చూసే లాయరమ్మ ఒకావిడ ఉందని తెలిసి ముగ్గురం వెళ్ళాం. ముప్పై ఏళ్ళ వయసుంటుంది. ఫైలంతా చదివి, కళ్ళజోడు పైకి తోసుకుని, తల్లి వైపు చూసి, "ఈవిడేనా?" అంది.

"నానే తల్లీ. మూడుసార్లు పోనాను, మూడుసార్లూ వచ్చీసినాను."

ఆ అమ్మాయి తెలివైనది. ధ్రువపత్రాలు ముగ్గురి చేతా వెనక్కి తీయించింది. బెల్లం సంగతి విని, "చనిపోవడం వద్దులెండి, తల్లికి జబ్బు చేసిందని రాద్దాం. జ్వరం చాలు," అంది. ఆయన ఒప్పుకోలేదు.

"బెల్లం వండుతుంటే మా అమ్మ నాకంటే గట్టిగా తిరిగీదండి. ఆవిడికి జొరం ఎలా రాయమంటారు?"

"మరి బెల్లం రాస్తే నవ్వుతారు సార్."

"నవ్వనీండి. ఉన్నది రాయండి."

ఆవిడ విసుక్కుని ఉన్నదే రాసింది. దానికంటే గట్టి విషయం ఒకటి ఆమెకి ఫైల్లో దొరికింది. మనిషిని పంపించేసే ముందు విచారణ జరపాలి. ఈయన విషయంలో అది జరిగిన దాఖలా లేదు. "కేసు దీని మీదే నడుస్తుంది. మీరు అక్కడ నోరు విప్పకండి, సరేనా?" అంది.

"అడిగితే?"

"అడగరు."

హియరింగు హైదరాబాదులో. నర్సీపట్నం రోడ్డు అనే స్టేషను నర్సీపట్నానికి ఎంత దూరమో మా వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ దూరమంతా ఆటోలో ముసలామె మాతో వాదిస్తూనే ఉంది. ఆమె రావక్కర్లేదని లాయరమ్మ ఫోనులో ఎంత చెప్పినా వినలేదు. "నాను బతికున్నానని నాను కాపోతే ఎవులు సెప్తారు? సర్పంచి సెప్తాడా?" అంది. రైల్లో కొడుకు తువ్వాలు మీద తల పెట్టుకుంటానంటే, ఆయన మడత పాడవకుండా అలాగే ఇటికలా ఇచ్చాడు. దాని మీద పడుకుని పొద్దున లేచి, "మెడ పట్టీసింది. సైన్యం ఈడికి ఇదొక్కటే నేర్పింది," అంది. ట్రిబ్యునల్ గేటు దగ్గర ఆమె చుట్టలూ అగ్గిపెట్టే తీసి పక్కన పెట్టించారు. ఆమెకి కోపం వచ్చింది. ఆ కోపం మాకు తర్వాత పనికొచ్చింది.

బెంచీ మీద ఇద్దరు. ఒకరు జడ్జి, ఇంకొకరు సైన్యంలో పెద్ద హోదాలో చేసి వచ్చినాయన. లాయరమ్మ విచారణ జరగలేదన్న పాయింటు చక్కగా చెప్పుకుపోతోంది. జడ్జి ఫైలు తిరగేస్తూ వెనక్కి తీసుకున్న ధ్రువపత్రాల దగ్గర ఆగి, ఇవేమిటన్నాడు. లాయరమ్మ తడబడింది. అప్పుడాయన చూపు వెనక బల్ల మీద కూర్చున్న ముసలామె మీద పడింది. ఆవిడెవరు?

"అర్జీదారు తల్లి," అంది లాయరమ్మ నెమ్మదిగా.

హాల్లో ఎవరో దగ్గారు. సైన్యం ఆయన మాత్రం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తిన్నగా మా మిలట్రీ వైపు చూసి, హిందీలో, మామూలుగా అడిగాడు: నాలుగుసార్లు ఎందుకు ఆలస్యమైంది?

ఆయన లేచాడు. మడమలు దగ్గరికొచ్చాయి. చేతులు దిగాయి. గడ్డం పైకి లేచింది. జీవితమంతా అడిగితే చెప్తానన్న మనిషి. అడిగే హోదా ఉన్నవాడు మొదటిసారి అడిగాడు. మాట రాలేదు. ఫ్యాను తిరుగుతోంది. లాయరమ్మ కూర్చోమన్నట్టు చెయ్యి ఊపుతోంది. ఆయన కూర్చోలేదు.

తల్లి లేచింది.

"ఈడు సెప్పలేడు బాబూ, నాను సెప్తాను. పొయ్యి ఎలిగించింది ఈడు. ఎలిగించినోడు ఆర్పకుండా ఎల్తే, ఎనక వంతోళ్ళ సెరుకేటి కావాల? ఆళ్ళూ పిల్లలు గలోళ్ళే కదా. అందుకే ఆలీసం. మీకు ముందే సెప్పకపోడం మావోడిదే తప్పు. సిన్నప్పట్నించీ ఇంతే, ఆకలేసినా అడిగితే గాని సెప్పడు. మీరైనా ఒక్కపాలి అడగాల కదా నాయినా! పదకొండేళ్ళు మీ కాడున్నాడు, ఒక్కరికైనా అడగాలనిపించలేదేటి?"

లాయరమ్మ దీన్ని ఇంగ్లీషులోకి మార్చింది. కోపం కాస్త తగ్గించి మార్చిందని నా అనుమానం. సైన్యం ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత ఇంకో ప్రశ్న వేశాడు, మళ్ళీ కొడుకునే. పాకం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

దానికి మాత్రం ఆయన నోరు తెరుచుకుంది. అటెన్షన్ ఎటుపోయిందో. రెండు చేతులూ గాల్లోకి లేచాయి. నురగ రంగు ఎప్పుడు మారుతుందో, చుక్క నీళ్ళలో వేస్తే వేళ్ళ మధ్య ఎలా ఉండ కట్టాలో, ఉండని గిన్నెకేసి కొడితే ఏ చప్పుడు రావాలో, ఆ చప్పుడు వచ్చాక ఇంకొక్క నిమిషం ఆగితే ఎలా మాడిపోతుందో, అంతా తన హిందీలో చెప్పాడు. హిందీ అందని చోట మా తెలుగు వాడాడు. లాయరమ్మ నుదురు చేత్తో పట్టుకుని బల్ల మీదికి వంగిపోయింది. జడ్జి గడియారం చూశాడు గాని ఆపలేదు.

రెండు నెలలకి తీర్పు లాయరమ్మ ఫోనులోంచి నా ఫోనులోకి వచ్చింది. నేను వాళ్ళ ఊరు వెళ్ళి, అరుగు మీద కూర్చుని, తెలుగు చేసి వినిపించాను. తల్లి చుట్ట నోట్లో పెట్టుకుని గోడకి ఆనుకుంది. ఆయన నిలబడ్డాడు. ఆ మాట కొట్టేశారు. మామూలుగా సర్వీసు ముగిసినట్టు రాయాలన్నారు. నడవడిక "గుడ్" అని నమోదు చెయ్యాలన్నారు.

"బెల్లం ఊసుందాండీ?"

"లేదు."

"పొయ్యి?"

"అదీ లేదు. విచారణ లేకపోవడం మీదే ఇచ్చారు. ఇదిగో, ఆలస్యానికి కారణమేమిటని ఇతణ్ణి ఎవరూ ఎప్పుడూ అడిగినట్టు రికార్డులో లేదు, అని రాశారు."

ఆయన నా ఫోను వైపు వంగాడు. "ఆ ముక్క ఇంకోపాలి సదవండి."

చదివాను. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. "అడగలేదని ఆళ్ళే రాసినారు కదండీ," అన్నాడు. భుజం మీంచి తువ్వాలు తీసి, ఎనిమిది మడతలూ విప్పాడు. అంత పెద్ద తువ్వాలని నాకు అప్పటిదాకా తెలియదు. మొహమంతా తుడుచుకుని, కళ్ళు తుడుచుకుని, కాసేపు దాన్ని మొహం మీదే ఉంచుకున్నాడు. తర్వాత తీసి, "వెరీగుడ్డుకి ఏటి అడ్డొచ్చిందంటారు?" అన్నాడు.

దిద్దిన పుస్తకం రిజిస్టరు పోస్టులో వచ్చింది. పది సున్నా సున్నాకి వస్తానని ఫోను చేసి, సరిగ్గా పదింటికి మా గుమ్మంలో ఉన్నాడు. కవరు ఇంకా విప్పలేదు. నా టేబుల్ మీదే విప్పి, ఆ పేజీ తీశాడు. పాత మాట అడ్డంగా కొట్టేసి ఉంది. పైన కొత్త మాట, పక్కన పొట్టి సంతకం, ముద్ర. దిద్దుబాటు ఏదైనా ప్రత్యేకంగా కనబడాలి కదా, ఆఫీసు పద్ధతి అది. కొట్టేసిన గీతా, కొత్త మాటా, సంతకమూ అన్నీ ఎర్రసిరాతో ఉన్నాయి.

ఆయన మొహం వంక చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. మా ఆవిడ టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఐదోదండి," అన్నాడాయన.

ఆ వెంటనే ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకున్నాను. కాదు, నవ్వు. పదేళ్ళలో ఆయన నవ్వడం అదే చూడటం. దగ్గొచ్చేదాకా నవ్వాడు. మా ఆవిడా నవ్వేసింది. టీ చల్లారిపోయింది, ఇంకో గ్లాసు పెట్టాల్సొచ్చింది.

"ఇంక పేరేసుకోండి రిపోర్టరుగారూ. ఎంత పెద్దగా కావాలంటే అంత," అన్నాడు.

ఎంతో ఇష్టంగా రాశాను. పేరు, ఊరు, పొయ్యి, మూడుసార్లు పోయిన తల్లి, అన్నీ. మా పత్రిక డెస్కులో ఇప్పుడున్న కుర్రాళ్ళకి ఆ రోజు చోటు లేకపోయింది. నాలుగు లైన్లు మిగిలాయి. గొలుగొండ ప్రాంతానికి చెందిన మాజీ సైనికుడికి ట్రిబ్యునల్‌లో ఊరట, అని. పేరు లేదు. ఆ నాలుగు లైన్లు చూసి నాకు తల కొట్టేసినట్టయింది. ఏ మొహం పెట్టుకుని కనబడను అనుకుంటుండగా ఆయనే వచ్చాడు, ముక్క కత్తిరించుకుని మరీ.

"క్షమించండి. పేరు పడలేదు. మా డెస్కు వాళ్ళు..."

"పేరు మా అమ్మెట్టిందండి, అదెక్కడికి పోతాది? ఇదిగో, ఈ మాట పడింది కదా," అని ముక్కలో ఒక చోట వేలు పెట్టాడు. తర్వాత నా టేబుల్ మీద వెతుక్కుని, "మీ ఎర్ర పెన్నేదండీ?" అన్నాడు.

ఆయన వస్తున్న చప్పుడు విని అలవాటుగా దాచేశాను. ఎక్కడ పడేశానో తెలియలేదు. సొరుగంతా బోర్లించి, శుభలేఖల కింద నుంచి తీసి ఇచ్చాను. ఆయన కుర్చీలో పూర్తిగా వెనక్కి కూర్చున్నాడు. మెత్తబడ్డ ఆ డిశ్చార్జి పుస్తకం అంచునే స్కేలులా పెట్టుకుని, "మాజీ సైనికుడు" అన్న మాట కింద నెమ్మదిగా గీత గీశాడు. సిరా ఆరేదాకా ఊదాడు. ముక్కని పుస్తకంలో ఆ పేజీ దగ్గర పెట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, పెన్ను మూత బిగించి నాకు తిరిగిచ్చాడు. ఆ మాట చాలన్నాడు కాబట్టి, ఇందులోనూ ఆయన పేరు రాయడం లేదు.

ఆ ఏడు కూడా పొయ్యి ఆయనే వెలిగించాడు. ఈసారి వానలవల్ల సీజను చాలా సాగింది. ఆయనకి గుండెలో నొప్పి ఎప్పటినుంచి ఉందో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. ఆఖరి వంతు పావెకరం రైతుదట. బెల్లం దింపించి, పొయ్యి మీద నీళ్ళు చల్లి, ఇంటికొచ్చి స్నానం చేసి పడుకున్నవాడు మర్నాడు లేవలేదు.

నేను వెళ్ళేసరికి ముసలామె అరుగు మీద కూర్చుని ఉంది. బిందెలు అలాగే వరసలో ఉన్నాయి. పక్కన కూర్చున్నాను. ఆమె చుట్ట నోట్లోంచి తీసి చేతిలో పట్టుకుంది.

"పొయ్యి ఆర్పీసే ఎల్లినాడు బాబూ," అంది. "ఈపాలి ఎర్రసిరాతో రాసుకోడానికి ఎవులికీ ఏటీ నేదు."